గోల్‌కీపర్ చేతులు

ఆ శుక్రవారం మ్యాచ్‌కి పదకొండు మంది దొరకలేదు.

బాబ్జాన్ తెల్లారి నమాజు చేసుకుని, నెత్తిమీద టోపీ తీయకుండానే సౌదీలో, జుబైల్‌లోని తన కంపెనీ క్యాంపులో గదిగదికీ తిరిగాడు. బక్రీద్ అయి మూడు రోజులే అయింది. చాలా గదుల్లో పరుపులు చుట్టేసి గోడకు ఆనించి ఉన్నాయి. గోల్‌లో నిలబడే మలయాళీ అబ్బాయి రాత్రే ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్లిపోయాడు. పోతూ పోతూ గ్లవ్స్ సబ్బుతో ఉతికి బాబ్జాన్ తలుపు గడియకు తగిలించాడు. అవి ఇంకా తడిగానే ఉన్నాయి.

తొమ్మిది మంది అయ్యారు. బాబ్జాన్‌తో కలిపి.

క్యాంపు వెనక గులకరాళ్ల నేలే వాళ్ల గ్రౌండు. గీతలు సున్నంతో గీసుకుంటారు. గోలు కొయ్యలు కంపెనీ పైపులే. పరంజా కట్టే, పనికిరాని స్కాఫోల్డింగ్ పైపుల్ని టీములోని వెల్డర్ అతికించాడు. పక్క క్యాంపు వాళ్లు అప్పటికే బస్సు దిగి, నీడలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. వాళ్లకు పదకొండు మందీ ఉన్నారు, బయట కూర్చోవడానికి ఇంకో నలుగురు కూడా ఉన్నారు.

"అన్నా, గోల్ల నువ్వు నిలవడ్తవా?" అని మల్లేశం అడిగాడు. అతనిది జగిత్యాల దగ్గర ఊరు. ఎడమవైపు వెనక ఆడతాడు.

"ఇంకెవురుండారప్పా? నువ్వు నిలబడు పో, సూస్తాం."

"నేను నిలవడ్తె బాల్ నా కాళ్ల సందులకెల్లే పోతది. అందరు నవ్వుతరు."

బాబ్జాన్ మోకాలికి పట్టీ చుట్టుకున్నాడు. మోకాలు చెడి గోల్ వదిలేశాక, ఐదేళ్లుగా అతను గీత బయట విజిలు, నోటుబుక్కు పట్టుకుని నిలబడే మనిషి. టీము పేర్లు అతనే రాస్తాడు. ప్రతి గురువారం సాయంత్రం ఆ కాగితాన్ని మెస్ తలుపుకు అంటిస్తాడు. పేరు లేనివాడు ఎవరైనా వచ్చి అడిగితే, "వచ్చేవారం సూస్తాంలే" అని ప్లేటు పట్టుకుని అన్నం లైన్లోకి పోతాడు. ఇప్పుడు తడి గ్లవ్స్‌లోకి వేళ్లు దూర్చగానే అతనికి ఒళ్లు ఝల్లుమంది. ఎవరూ చూడకుండా ఒకసారి రెండు అరచేతులూ కలిపి కొట్టుకున్నాడు.

మూడు గోల్స్ తిన్నారు. రెండు గోల్స్‌కు బాబ్జాన్ గొంతు చించుకుని వెనకవాళ్లను తిట్టాడు. "ఏం మల్లేశం! అన్నం తిని వచ్చినావా, పండుకోని వచ్చినావా!" మూడోదానికి తిట్టడానికి ఊపిరి చాలలేదు. కానీ రెండో సగంలో ఒక బంతి వచ్చింది. పదడుగుల దూరం నుంచి, రొమ్ము ఎత్తున, రాయిలాగా. బాబ్జాన్ దాన్ని కొట్టి తోసేయలేదు. రెండు చేతులూ ముందుకు చాపి, బంతి తగలగానే వాటిని వెనక్కు తీసుకుంటూ, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు గుండెకు చేర్చుకున్నాడు. పక్క క్యాంపు వాళ్లు కూడా "వాహ్" అన్నారు.

మ్యాచ్ అయ్యాక అతను కొయ్యకు వీపు ఆనించి కూర్చున్నాడు. మోకాలు వాచింది. ఓడిపోయినందుకు బాధ రావాలి, కానీ రాలేదు. ఇంకో అరగంట ఆడితే బాగుండునని మాత్రం ఉంది.

మల్లేశం వచ్చి పక్కన కూలబడి నీళ్ల సీసా ఇచ్చాడు.

"ఖఫ్జీల ఒక పచ్చ కంపెనీ ఉన్నదట అన్నా. స్కాఫోల్డర్లను తీసుకుంటున్నరట. బుధవారం ట్రేడ్ టెస్ట్. పాసైతే నకల్ చేయించుకుంటరు."

వాళ్ల కంపెనీ ఎరుపులో పడి ఏడాది దాటింది. సౌదీవాళ్లను సరిపడా పెట్టుకోని కంపెనీకి సర్కారు ఎరుపు రంగు ఇస్తుంది, పెట్టుకున్నదానికి పచ్చ. ఎరుపు కంపెనీలో ఎవరి నివాస కార్డూ, అదే ఇఖామా, మళ్లీ రెన్యువల్ కాదు. పచ్చ కంపెనీ ఏదైనా తీసుకుంటే నకల్ చేయించుకుని దాంట్లోకి మారవచ్చు. లేకపోతే వచ్చే నెల మూడో తారీకు లోపల ఎగ్జిట్ వేయించుకుని ఇంటికి పోవాలి. ఆ తర్వాత దొరికితే జైలే.

"మంచిదే కదప్పా. పో మరి."

"ఇద్దరిద్దర్ని పిలుస్తున్నరు. పైన ఒకడు, కింద హెల్పరు. ఒకని టెస్ట్ అయినంక ఇంకొకంది. మనోళ్లంతా జోడీలు కట్టుకున్నరు. నాకు ఎవ్వడు లేడు." మల్లేశం ఒక గులకరాయి తీసి దూరంగా విసిరాడు. "నీ ఇఖామాల ఏమని ఉన్నదన్నా?"

బాబ్జాన్ గ్లవ్స్ విప్పుతూ విప్పుతూ ఆగాడు.

"స్కాఫోల్డర్" అన్నాడు.

శనివారం పొద్దున అతను ఆఫీసుకు పోయాడు. మేనేజరు, అంటే ముదీర్, అబూ ఫహద్ ఒక్కడే ఉన్నాడు. బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. గుమాస్తాలు కూర్చునే చోట ఫైళ్లు అట్టపెట్టెల్లో సర్ది ఉన్నాయి. ముసలాయన తనే ఫ్లాస్కులోంచి గావా కాఫీ పోసి బాబ్జాన్‌కు ఇచ్చాడు. గోడ మీద ఫోటో ఇంకా తీయలేదు. అందులో పదకొండు మంది ఆటగాళ్లు, మధ్యలో ముదీర్, అతని పక్కన కప్పు పట్టుకుని సన్నగా బాబ్జాన్ ఉన్నారు.

తనకు టూల్ రూమ్ పని తెలుసని ఒక ఉత్తరం కావాలన్నాడు బాబ్జాన్. పదకొండేళ్లుగా స్టోరులో సామాన్లు ఇచ్చి పుచ్చుకున్నది తనే కదా. ఆ ఉత్తరం ఉంటే ఏ పచ్చ కంపెనీ అయినా స్టోర్ కీపర్‌గా తీసుకోవచ్చు.

ముదీర్ తల అడ్డంగా ఊపాడు. ఇఖామాలో ఏముంటే అదే రాయాలి. స్కాఫోల్డర్ వీసా మీద స్టోరులో పని చేయించుకున్నానని రాసిస్తే ఆయనకే జరిమానా. ఇప్పటికే ఒక్కో పరదేశి పనివాడి తల మీద లెవీ పన్ను కట్టలేక కంపెనీ మూతపడుతోంది. ఆయన వచ్చీరాని హిందీలో నెమ్మదిగా చెప్పాడు, కసరలేదు. తర్వాత బల్ల మీదుగా వంగి బాబ్జాన్ కుడిచేతిని తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూశాడు.

"మంచి చేతులు" అన్నాడు. "ఒక్క దెబ్బ లేదు. నేను కాపాడాను."

అది నిజమే. బాబ్జాన్ వచ్చిన నెలలోనే ముదీర్ క్యాంపు మ్యాచ్ చూసి, ఈ మనిషిని పైకి ఎక్కించవద్దని ఫోర్‌మన్‌కు చెప్పాడు. వేళ్లు విరిగితే గోల్‌లో ఎవరు నిలబడతారు? ఆ మర్నాటి నుంచి బాబ్జాన్ టూల్ రూమ్‌లో కూర్చున్నాడు.

"ఖఫ్జీలో టెస్టుకు పోతాను, ముదీర్."

"నీకు స్కాఫోల్డింగ్ వచ్చా?" అని ముదీర్ నవ్వాడు.

బాబ్జాన్ నవ్వలేదు. గావా గిన్నె కింద పెట్టి, సలాం చెప్పి బయటికి వచ్చాడు.

టూల్ రూమ్ వెనక అమ్మకానికి పెట్టిన పైపులు కుప్పగా ఉన్నాయి. ఆ సాయంత్రం మల్లేశం వాటిలోంచి నిలువుకు నాలుగు, అడ్డానికి ఎనిమిది ఏరి పెట్టాడు. బాబ్జాన్ లోపల్నుంచి బేస్ ప్లేట్లు, క్లాంపులు తెచ్చాడు. క్లాంపు అంటే పైపును పైపుకు కలిపి బిగించే ఇనప పట్టు. అరచేతిలో నిండుగా ఉంటుంది, కిలో బరువు తూగుతుంది. పదకొండేళ్లలో అతను వాటిని కొన్ని వేలసార్లు డీజిల్‌తో కడిగాడు, మరలకు గ్రీజు పూశాడు, బ్రష్షుతో తుప్పు గీకాడు. ఏ క్లాంపు మర అరిగిందో బొటనవేలు పెట్టి చెప్పగలడు. కానీ ఒక్కదాన్నీ పైపుకు పెట్టి బిగించలేదు.

"గట్ల గాదన్నా. ముందుగాల లెవల్ చూడాలె, తర్వాత టైట్ చెయ్యాలె. నువ్వు పెండ్లయినంక పిల్లను చూస్తున్నవ్."

"నీకు పెండ్లే కాలా. నీకేమెరిక?"

"అందుకే ఇంకా లెవల్ చూస్తున్న."

మొదటిరోజు గంటా ఇరవై నిమిషాలు పట్టింది. బాబ్జాన్ వేళ్ల కొసలు చీరుకుపోయాయి. నిచ్చెన ఎక్కేటప్పుడు ఎడమకాలే ముందు పెట్టాలి, కుడి మోకాలు బరువు మోయదు. పైన నిలబడి కిందికి చూస్తే తల తిరగలేదు కానీ చేతులు ఏం చేయాలో వాటికి తెలియలేదు. ఒక చేతిలో స్పానరు, ఒక చేతిలో క్లాంపు, పైపు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. మల్లేశం కింద నుంచి ఒక్కో మాట చెబుతున్నాడు. మోచేత్తో పైపును ఒత్తిపెట్టు. మొదట వేళ్లతో తిప్పు. స్పానరు అర తిప్పు చాలు. బెల్టు హుక్కు తగిలించు, ముందు హుక్కు తగిలించు అన్నా, పానం ఉంటే కదా పని.

"గురువారం నీ పేరు రాయనప్పుడు నీకు ఇట్లే ఉంటాండెనా?" అని పైనుంచి అడిగాడు బాబ్జాన్.

"ఎట్ల?"

"ఎవురన్నా చెప్తాంటే ఇనుకుంటా నిలబడేది."

"నువ్వెన్నడు చెప్పినవన్నా? కాగితం అంటిచ్చి పోతుంటివి."

బాబ్జాన్ స్పానరు తిప్పాడు.

రెండోరోజు అది జరిగింది. బాబ్జాన్ పైన ఉన్నాడు. బకెట్టులో క్లాంపులు వేసి పైన కప్పీ మీదుగా తాడుతో లాగడం ఆలస్యమవుతోంది. మగ్రిబ్ దగ్గరపడుతోంది, వెలుతురు పోతోంది.

"ఇట్ల ఇసురప్పా" అని రెండు చేతులూ చాపాడు.

మల్లేశం ఒక్క క్షణం చూసి, కిందిచేతి వాటంగా ఒక క్లాంపు ఎగరేశాడు. ఇనుము గాలిలో దొర్లుతూ వచ్చింది, బోల్టులు అటూ ఇటూ ఊగుతూ. బాబ్జాన్ చేతులు దాంతోపాటే వెనక్కు పోయి దాన్ని మెత్తగా పట్టేశాయి. ఇంకోటి వచ్చింది. అదీ పట్టాడు. డ్యూటీ నుంచి వస్తున్నవాళ్లు నలుగురైదుగురు ఆగారు. "ఓ గోలీ!" అని ఎవరో అరిచారు. మెస్‌లో వంట చేసే నేపాలీ గరిటెతో ప్లేటు మీద కొట్టాడు. ఒకటి కావాలనే పక్కకు విసిరాడు మల్లేశం. బెల్టు హుక్కు మీద బరువంతా వేసి, ఒంటిచేత్తో అందుకున్నాడు బాబ్జాన్. అందరూ ఈలలు వేశారు. స్కాఫోల్డింగ్ పనిలో అతనికి అందరికన్నా బాగా వచ్చింది అదొక్కటే.

"ఖఫ్జీల గిట్ల నడ్వదన్నా" అన్నాడు మల్లేశం, ఆయాసపడుతూ. "బకెట్, తాడు. గంతే."

"ఎరికేప్పా. సేఫ్టీ బోర్డులు పదకొండేండ్లు తుడిసింది నేనే కదా."

ఎరికే అయినా మూడోరోజూ, నాలుగోరోజూ విసురుతూనే ఉన్నారు. విసిరితే పని నలభై నిమిషాల్లో అవుతోంది. విసిరేటప్పుడు ఇద్దరికీ సంతోషంగా కూడా ఉంటోంది.

మంగళవారం పని అయ్యాక పైపులు విప్పి పేర్చారు. మల్లేశం చేతులు కడుక్కుంటూ తన చెల్లెలు సృజన సంగతి చెప్పాడు. నర్సింగు రెండో ఏడట. అది అయ్యేదాకా అంటే ఇంకో రెండేళ్లు తను ఇక్కడ ఉండాల్సిందే.

"నీకు ఇంటికి పోవాలని లేదా అన్నా? గిన్నేండ్లాయె."

"పోవల్లనే ఉంది" అన్నాడు బాబ్జాన్. స్పానరు తుడిచి పెడుతూ మళ్లీ అన్నాడు. "పంపిస్తే పోవల్లని లేదు."

బుధవారం చీకటితోనే జుబైల్ నుంచి బస్సెక్కి తొమ్మిదింటికి ఖఫ్జీ చేరారు. యార్డులో గాలి ఉప్పగా ఉంది. అప్పటికే ఇరవై మంది వరసలో ఉన్నారు. టెస్టు పెట్టేది శాంసన్ అనే సేఫ్టీ ఆఫీసరు. నరసాపురం వైపు మనిషి, యాభై దాటి ఉంటాడు. చొక్కా జేబులో చిన్న బైబిలు, చేతిలో కాగితాల అట్ట. వీళ్లిద్దరూ తెలుగువాళ్లని చూసి మొహం కొంచెం విప్పాడు, కానీ రూల్సు అందరికీ చదివినట్టే చదివాడు.

"ఫార్టీ ఫైవ్ మినిట్స్ అండి. పైన ఎక్కినవాడిదే టెస్టు. హెల్పరు పైవాడు చెప్పింది చేయాలి, సొంత తెలివి వద్దు. హుక్కు లేకుండా ఒక్క అడుగేసినా ఫెయిల్. పైకి గానీ కిందికి గానీ ఏ వస్తువూ విసరకూడదు. విసిరితే విసిరినవాడూ పట్టినవాడూ ఇద్దరూ ఇంటికే. నేను మళ్లీ చెప్పనండి."

ముందు బాబ్జాన్ ఎక్కాలి. మల్లేశం హెల్పరు.

బాబ్జాన్ క్లాంపుల కుప్ప దగ్గర మోకాలి మీద కూర్చుని ఒక్కొక్కదాని మరలో బొటనవేలు పెట్టి చూశాడు. రెండింటిని తీసి పక్కన పెట్టాడు.

"అవెందుకు తీశావు?" అన్నాడు శాంసన్.

"మర అరిగింది సార్. బిగిసినట్టే బిగిసి జారుతాది."

శాంసన్ వంగి చూశాడు. ఆ రెండూ ఆయన కావాలని కలిపినవే. అట్ట మీద ఏదో రాసుకున్నాడు. మల్లేశం బాబ్జాన్‌కు మాత్రమే కనిపించేలా కనుబొమ్మలు ఎగరేశాడు.

నిలువు పైపులు నిలబడ్డాయి. లెవల్ చూశాడు, తర్వాత బిగించాడు. మొదటి అంతస్తు అయింది. హుక్కు తగిలించి రెండోదానికి ఎక్కాడు. మల్లేశం బకెట్టులో మూడేసి క్లాంపులు పెట్టి తాడు లాగుతున్నాడు, బాబ్జాన్ తీసుకుంటున్నాడు. పలకలు పరిచాడు. నలభై మూడు నిమిషాలు అయింది. చేతిపట్టు పైపు ఒక్కటే మిగిలింది, దానికి ఒక క్లాంపు బిగిస్తే చాలు. అప్పుడు సముద్రం వైపు నుంచి ఒక గాలి తోసుకొచ్చింది. బకెట్టు ఊగి, తాడు పక్కకు పొడుచుకొచ్చిన పైపు కొసకు చుట్టుకుంది. మల్లేశం లాగాడు. రాలేదు. ఇంకోసారి గట్టిగా లాగాడు. తాడు ఇంకా బిగుసుకుంది.

బాబ్జాన్ ఎడమ మోచేత్తో పైపును ఒత్తిపట్టి ఉన్నాడు. అది జారుతోంది. కిందికి చూశాడు. పైపును భుజానికి మార్చి రెండు చేతులూ చాపాడు. నోటితో ఏమీ అనలేదు.

మల్లేశం విసిరాడు.

బాబ్జాన్ చాలా మెత్తగా పట్టాడు. అంతకన్నా బాగా అతను ఏ మ్యాచ్‌లోనూ పట్టి ఉండడు. పట్టిన ఊపులోనే క్లాంపును పైపుకు చుట్టి, వేళ్లతో తిప్పి, స్పానరు అర తిప్పు తిప్పాడు. అప్పుడు తెలిసింది, యార్డులో ఎవరూ మాట్లాడటం లేదని. మల్లేశం చెయ్యి ఇంకా విసిరిన తీరులోనే గాలిలో ఉంది.

శాంసన్ అట్ట మూశాడు.

"దిగండి" అన్నాడు.

బాబ్జాన్ హుక్కు తీసి, ఎడమకాలు ముందు పెట్టి, ఒక్కో మెట్టే దిగాడు. ఇద్దరూ శాంసన్ ముందు నిలబడ్డారు.

"పోయినేడు ఒక క్లాంపు జారి పడిందండి. నాలుగు మీటర్లే. కింద ఉన్నవాడిది ఒంగోలు. హెల్మెట్ ఉంది, అయినా బతకలేదు." శాంసన్ గొంతు పెంచకుండానే చెప్పాడు. "ఎవరిది తప్పు?"

"నేనే ఏసిన సార్" అన్నాడు మల్లేశం. "అన్న ఏమన్లే. నేనే ఏసిన."

"వాడు కాదు సార్. నేను అడిగినా." బాబ్జాన్ మల్లేశం వైపు చూడలేదు. "ఇసురు అన్నా. నేను చెప్తే వాడు ఇసురుతాడు. నా టీములో ఆడే మనిషి. ఆరేడు నెల్లుగా నేను చెప్పిందే చేస్తాండాడు."

"ఇది మ్యాచ్ కాదండి."

"కాదు సార్."

"నోటితో అడిగావా? నాకు వినపడలేదే."

బాబ్జాన్ పెదాలు తడుపుకున్నాడు. "నోటితోనే అడిగినా సార్. గాలికి మీకు ఇనపడలా."

శాంసన్ అతని మొహంలోకి, తర్వాత చేతుల్లోకి చూశాడు. చేతులు గ్రీజుతో, చీరుకుపోయిన గీతలతో ఉన్నాయి. తర్వాత అట్ట తెరిచాడు.

"పైవాడు చెప్పింది హెల్పరు చేయాలి. నేనే చదివానుగా. అయితే ఇది పైవాడి ఫెయిలే." రాస్తూ రాస్తూ మల్లేశం పేరు దగ్గర ఆగాడు. "నీది రేపు తొమ్మిదింటికి. హెల్పర్ని నువ్వే తెచ్చుకోవాలి, మావాళ్లెవరూ ఖాళీగా లేరు. రేపు దాటితే నేనేం చేయలేనండి."

యార్డు గేటు దాటేదాకా మల్లేశం ముందు ముందు నడిచాడు. దాటాక రోడ్డు మీదే ఆగిపోయాడు.

"అబద్దం ఎందుకు చెప్పినవ్? నువ్వు నోరు తెర్వలే."

"చేతులు తెరిసినా కదప్పా."

"నన్ను అడగకుంట నన్ను బతికిచ్చుడేంది? నేనేమన్న చిన్నపోరన్నా?"

"టీము పేర్లు రాసేటప్పుడు ఎవురినన్నా అడిగినానా?"

మల్లేశానికి నవ్వు రాలేదు. మొహం తిప్పుకుని, బూటు కొసతో ఇసుకను తన్నుతూ నిలబడ్డాడు. బాబ్జాన్ అతని భుజం మీద చెయ్యి వేయబోయి, గ్రీజు చూసి ఆగాడు.

"టీ తాగుదాం పా" అన్నాడు.

ఆ రోజు వాళ్లు ఖఫ్జీలోనే, జగిత్యాల మనిషి ఒకతని గదిలో ఉన్నారు. అసర్ నమాజు అయ్యాక బాబ్జాన్ మేడ మీదికి పోయి ఇంటికి ఫోన్ చేశాడు. అక్కడ ఆరబెట్టిన బట్టలు గాలికి టపటపలాడుతున్నాయి. మెట్ల గోడ చాటున కూర్చుంటేనే వినపడింది.

"తిన్నావా?" అంది భార్య మాబున్నీ. ఎప్పుడు చేసినా మొదటి మాట అదే.

"తిన్నా. మీరు?"

"పొయ్యి మీద ఉంది. పిల్లోడు ఫక్రూ ట్యూషన్ నుంచి ఇంకా రాలా. టెస్టు అయిందా?"

"అయింది."

అటువైపు పొయ్యిలో కట్టె చిటపటమన్న చప్పుడు వచ్చింది. ఆమె ఫోను పట్టుకుని లేచి బయటికి నడిచినట్టుంది, కోళ్ల అరుపులు దగ్గరయ్యాయి.

"కాలేదా?" అంది.

"కాలా."

బాబ్జాన్ ఇంకా చెప్పాల్సినవి మనసులో కూడబలుక్కున్నాడు. క్లాంపు సంగతి, మల్లేశం సంగతి, ముదీర్ తన చేతుల్ని తిప్పి చూసిన సంగతి. ఏదీ ఫోనులో చెప్పేలా లేదు.

"అయితే వస్తాండావా?"

"వస్తాండా. ఈ నెలాఖరుకు."

"టికెట్టు?"

"ఏం టికెట్టు?"

"రెండు పక్కలదా, ఒక పక్కదా?"

ప్రతిసారీ సెలవు మీద పోయినప్పుడు అతను తిరుగు టికెట్టును బీరువాలో బట్టల కింద పెట్టేవాడు. మాబున్నీ ఒక్కసారైనా దాన్ని బయటికి తీసి తారీకు అడగలేదు. అతను దాన్ని ఎక్కడ పెడుతున్నాడో ఆమెకు తెలుసని అతనికి ఇప్పుడే అర్థమైంది.

"ఒక పక్కదే" అన్నాడు.

ఆమె ఏడుస్తోందేమోనని బాబ్జాన్ ఫోనును చెవికి గట్టిగా అదుముకున్నాడు. ఏడవడం లేదు. ఎవరినో అదిలిస్తోంది, కోడినో మేకనో. తర్వాత దగ్గరగా వచ్చింది గొంతు.

"ఆ దుప్పట్లు వద్దు. పోయినసారి తెచ్చినవే ఇప్పలా. ఉత్త చేతుల్తో రా."

"ఊఁ."

"ఇనపడిందా? ఉత్త చేతుల్తో రా."

"ఇనపడింది."

ఫోను పెట్టేశాక కూడా అతను అక్కడే కూర్చున్నాడు. పక్క మేడ మీద ఎవరో ఆడమనిషి పచ్చటి కార్పెట్టును గోడ మీద వేసి కర్రతో కొడుతోంది. దూరంగా సముద్రం పలుచగా కనబడుతోంది. ఇంటికి పోవాలని ఎన్నేళ్లుగానో ఉన్న కోరికే. అది తీరబోతోంటే, ఎక్కడో వెలితిగా ఉంది. ఊళ్లో పొద్దున్నే లేచి ఏం చేస్తాడు? వారంలో ఏ రోజు కోసం ఎదురు చూస్తాడు? కింద నుంచి మల్లేశం పిలిచాడు. మర్నాటి హెల్పరు కోసం ఎవరికో ఫోను చేస్తున్నాడు. ఎవరూ దొరకడం లేదు. అందరికీ డ్యూటీలే.

బాబ్జాన్ దిగిపోయి అతని చేతిలోంచి ఫోను తీసుకుని కట్ చేశాడు.

"నేనొస్తా" అన్నాడు.

"నువ్వా? ఫెయిలైనోన్ని రానిస్తరా?"

"పని చేసేటోనికే టెస్టు. కింద నిలబడేటోనికి టెస్టేముంది?"

గురువారం శాంసన్ వాళ్లిద్దర్నీ చూసి కళ్లజోడు సర్దుకున్నాడు. అట్ట మీది కాగితాలు ఒకటి రెండు తిప్పాడు. హెల్పరు ఎవరై ఉండకూడదో వాటిలో ఎక్కడా లేదు.

"టైమ్ మొదలైందండి" అన్నాడు.

బాబ్జాన్ క్లాంపుల కుప్ప ముందు కూర్చున్నాడు. ఒక్కొక్కటి వేలితో చూసి, మంచివి కుడివైపు, మర అరిగినవి ఎడమవైపు పెట్టాడు. తాడును చేతికి చుట్టలు చుట్టి విప్పి, మెలికలు పోయేలా నేల మీద పొడవుగా పరిచాడు. మల్లేశం పని చేస్తుంటే చూడటం అతనికి ఇదే మొదటిసారి. గ్రౌండులో అతను చూసిన మల్లేశం ఆలస్యంగా పరుగెత్తేవాడు, బంతి పోయాక కాలు చాపేవాడు. ఇక్కడ అతని చేతులు దేని కోసమూ వెతుక్కోవడం లేదు. మోచెయ్యి పైపును ఒత్తిపెట్టే సమయానికి స్పానరు అప్పటికే వేళ్లలో ఉంది. హుక్కు తీయడం, తగిలించడం ఊపిరి పీల్చినట్టు జరుగుతోంది. నాలుగు సాయంత్రాలు ఈ మనిషి తన కోసం ఎంత నిదానంగా పని చేశాడో బాబ్జాన్‌కు ఇప్పుడు తెలిసింది.

"బకెట్ అన్నా" అని పైనుంచి అన్నాడు మల్లేశం.

బాబ్జాన్ మూడు క్లాంపులు పెట్టి తాడు లాగాడు. అరచేతుల్లో చీరుకుపోయిన చోట తాడు మంట పుట్టించింది. బకెట్టు పైపులకు తగలకుండా కొంచెం పక్కకు నిలబడి, కొంచెం కొంచెంగా పైకి పంపాడు. గాలి వచ్చినప్పుడు ఆగాడు. గాలి పోయాక మళ్లీ లాగాడు. మెడ నొప్పి పుట్టినా పైకే చూస్తున్నాడు. తెల్లటి ఆకాశం, దాని మీద మల్లేశం బూట్ల అడుగులు.

"ఇంకో రెండు."

పంపాడు.

"పలక కట్టే తీగ."

పంపాడు.

శాంసన్ గడియారం చూసుకున్నాడు. ముప్పై నిమిషాలు కూడా కాలేదు. ఆయన నిచ్చెన ఎక్కి, పలక మీద నిలబడి, రెండు కాళ్లతో ఒత్తి చూశాడు. చేతిపట్టు పైపును పట్టుకుని ఊపాడు. కదల్లేదు. అక్కడే నిలబడి అట్ట మీద రాసి, సంతకం పెట్టి, కాగితం చించి మల్లేశం చేతికిచ్చాడు. మల్లేశం ఆ కాగితాన్ని చదవలేదు. చేతిపట్టు పైపు మీదుగా వంగి కిందికి చూశాడు.

బాబ్జాన్ అప్పటికే బకెట్టులో ఇంకో రెండు క్లాంపులు పెట్టాడు. తాడు చేతిలోకి తీసుకుని లాగడం కూడా మొదలుపెట్టాడు. బకెట్టు నేల నుంచి మనిషెత్తు లేచింది.

"చాలన్నా" అన్నాడు మల్లేశం. కాగితాన్ని జేబులో పెట్టుకుని మళ్లీ అన్నాడు. "ఇగ చాలు. ఇంకేం పంపకు."

బాబ్జాన్ తల ఊపాడు. తాడును ఒక్కసారిగా వదిలేయలేదు. ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి మార్చుకుంటూ, బకెట్టు నేలకు ఆనేదాకా నెమ్మదిగా దించాడు.